పాత చావు చావొద్దు

పోయిన నెల మెదక్‌ పోయినప్పుడు, మా చెల్లె ఇంట్లో ఒక్క మధ్యాహ్నంలో నా మేనకోడలు సింధు పద్దెనిమిదిసార్లు చచ్చిపోయింది. పక్కన కుర్చీలో కూర్చుని నేను లెక్కపెట్టాను. పిల్ల మంచం మీద దిండుకు ఆనుకుని, ఒళ్లో లాప్‌టాప్‌ పెట్టుకుని, ఒక చేత్తో మురుకులు నములుతూ, ఇంకో చేత్తో ఏదో చీకటి గుహలో ఓ మనిషిని నడిపిస్తోంది. గుహలోంచి ఏదో ఒకటి వస్తుంది, మనిషిని కొడుతుంది, మనిషి పోతాడు. "చచ్చిన," అంటుంది, పాలు పొంగినయి అన్నంత తేలిగ్గా. మళ్లీ మొదటి నుంచి మొదలు. గుహ మాత్రం పాతది కాదు, ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. పోయినోడు కూడబెట్టిన దాంట్లోంచి ఇంత చిల్లర మల్లర మాత్రం వచ్చేవాడికి మిగులుతుంది. "దీన్ని రోగ్‌లైట్‌ అంటరు మామా," అని చెప్పి, నా మొహం చూసి ఆగింది. "నీకెందుకు చెమటలు పడుతున్నయి? ఆడేది నేను గదా." "దర్వాజ తెరిచేముందు జరంత ఆగు బిడ్డా," అన్నాను. పిల్ల ఆగలేదు. పద్దెనిమిదోసారి చచ్చింది. అప్పుడు నా వైపు తిరిగి, "నీకీ ఆట తెలుసా?" అని అడిగింది. తెలుసు. నాకు ఆ ఆట తెలుసు. కంప్యూటర్‌ అంటే గుడిలో దేవుడంత దూరంలో ఉండే రోజుల్లోనే, అదే మెదక్‌లో, నేను అందులో సుమారు నాలుగు వేలసార్లు చచ్చాను. మా నాయిన కూడా చచ్చాడు. ఆయన చచ్చిన లెక్క వేరు.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను పుట్టు పిరికివాణ్ణి. నేను పుట్టినప్పుడు దవాఖానలో పిల్లలందరూ ఏడుస్తుంటే, ఆ ఏడుపులకు దడుసుకుని నేను ఊపిరి బిగబట్టానని, నర్సమ్మ పిర్ర మీద కొట్టింది ఏడిపించడానికి కాదు, ధైర్యం చెప్పడానికని మా అమ్మ చెప్పేది. నాకు బల్లి భయం, బల్లి తోక తెగితే తోక భయం, పెద్ద చర్చి గంట కొడితే భయం, కొట్టాల్సిన టైముకు కొట్టకపోతే ఇంకా భయం. ఇది నాకు అమ్మ ఇచ్చిన ఆస్తి. మా నాయిన యాదగిరి రైస్‌మిల్లు లారీ డ్రైవరు. తెల్లారకముందే మెదక్‌లో బియ్యం బస్తాలెత్తుకుని, నర్సాపూర్‌ అడవి మీదుగా హైదరాబాద్‌ పోయి, పొద్దుగూకేలోపు తిరిగొస్తాడు. అమ్మ భయం ఏ పూటకాపూట పనిగా మారేది. ఆయన గడప దాటగానే వాకిట్లో నీళ్లు చల్లి, ఆయన పోయిన దిక్కు చెరిగిపోకుండా ముగ్గు పక్కకు జరిపి వేసేది. మధ్యాహ్నానికి పప్పు ఉడికించి దించేది. సాయంత్రం లారీ హారన్‌ కోసం చెవి రోడ్డు మీద పెట్టి, చేతులు అంట్ల మీద పెట్టేది. మెదక్‌లో తిరిగే లారీలన్నిటికీ ఒకటే హారన్‌, అయినా మా నాయిన హారన్‌ తనకు తెలుస్తదని వాదించేది. ఆలస్యమైతే తోమిన గిన్నెలే మళ్లీ తోమేది. మా ఇంట్లో గిన్నెలు అరిగి కాయితాల్లా పలచబడ్డది వండి కాదు, నాయిన ఆలస్యాలకు. అన్నం వండితే గిన్నె అడుగున మంట కనపడేదంటే మీరు నమ్మరు గానీ, దాదాపు అంతే.

ఒక వానాకాలం, ముసురు పట్టిన తెల్లారుజామున పోయిన బండి హారన్‌ ఆ సాయంత్రం రాలేదు. నర్సాపూర్‌ అడవిలో ఒక మలుపు దగ్గర లారీ పక్కకు పడిపోయింది. వేరే మనుషులెవరికీ ఏమీ కాలేదు. నాయిన ఎడమ భుజం ఎముక విరిగింది. బియ్యం మాత్రం రోడ్డంతా పరుచుకుని, అడవిలో నెమళ్లకు ఆ ఏడాదంతా పెండ్లి భోజనం. "బర్రె అడ్డమొచ్చింది. దాన్ని తప్పియ్యబోతే బండి వాలింది," అన్నాడు నాయిన దవాఖాన మంచం మీద. ఆయన చెప్పింది అంతే. మిగిలినదంతా నా పుణ్యం. ఉన్నదున్నట్టు చెప్పడం నా నోటికి అప్పుడూ చేతకాలేదు, ఇప్పుడూ రాదు. మా గల్లీలో చెప్పేటప్పటికి ఆ బర్రె చూలుది అయింది. బస్టాండులో చెప్పేటప్పటికి దాని కొమ్ములు స్టీరింగంత అయినయి. మిల్లు దగ్గర చెప్పేటప్పటికి అది రోడ్డు మధ్యన నిలబడి, కన్నీళ్లు పెట్టుకుని, మా నాయిన కళ్లలోకి సూటిగా చూసింది. వారం తిరిగేలోపు మా నాయిన మెదక్‌లో మూగజీవాన్ని కాపాడిన పుణ్యాత్ముడైపోయాడు. జనం చూడ్డానికి వచ్చారు. ఒకరోజు శివ్వంపేట నుంచి ఒక పెద్దమనిషి కుండెడు పాలతో బస్సు దిగి వచ్చి, "గా బర్రె మాదే బిడ్డా, మొన్ననే ఈనింది, గివి దాని పాలే," అని నాయిన కాళ్లకాడ పెట్టాడు. నాయిన ఆ కుండ వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. పాము బుట్ట వైపు చూసినట్టు చూశాడు. "తాగుండ్రి, మొహమాటమెందుకు," అన్నాడు పెద్దమనిషి. నాయిన తాగాడు. గుక్క గుక్కకూ ఆగి మూతి తుడుచుకున్నాడు. మొహమాటం అనుకున్నాం.

ఇంక ఇల్లు భుజం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. కట్లు కట్టే హకీం వచ్చి గుడ్డు సొన, మినప్పిండి కలిపి పట్టు వేశాడు. పట్టు విప్పాక అమ్మ రంగంలోకి దిగింది. పొద్దున వావిలాకు కాపడం, మధ్యాహ్నం ఎల్లిపాయ వేసి కాచిన నువ్వుల నూనె, సాయంత్రం మళ్లీ కాపడం. వావిలాకు వాసన మా ఇంటి గోడల్లో ఎంత ఇంకిందంటే, ఆ గోడకు ఆనుకుంటే పక్కింటోళ్ల నడుం నొప్పులు కూడా తగ్గేవి. రెండు నెలలు గడిచాయి. లారీ బాగై మిల్లు ఆవరణలో నిలబడింది. భుజం మాత్రం బాగు కాలేదు. మిల్లు సేటు మంచోడే గానీ పద్ధతి మనిషి. వాళ్ల మిల్లులో ఒక ఆనవాయితీ ఉండేది: దసరా నాడు బండికి ఆయుధపూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వాటి మీదుగా బండిని నడిపినవాడే వచ్చే దసరా దాకా ఆ బండికి డ్రైవరు. "యాదగిరీ, దసరా దాక సూస్త. గప్పటికి చెయ్యి లేవకుంటే గేటు కాడ కుర్చీ ఏపిస్త, కూసో. కొత్తోన్ని పెట్టుకుంట," అని కబురు పంపాడు. నలభై రెండేళ్ల మనిషి, లారీ తప్ప వేరే ఏదీ తెలియని మనిషి, తన బండి ఇంకొకడు తీసుకుపోతుంటే గేటు తెరిచి పట్టుకోవాలి. ఆ మాట విన్న రోజు అమ్మ తోమిన గిన్నెలన్నీ రెండుసార్లు తోమింది.

ఒకరోజు నేను మిల్లు వైపు పోతుంటే నాయిన లారీ దగ్గర ఒంటరిగా కనబడ్డాడు. ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. తలుపు మీద చెయ్యి వేశాడు. అట్లాగే నిలబడ్డాడు, ఫొటో దిగుతున్నట్టు. తర్వాత కాలు దించాడు. నన్ను చూసి, "నొప్పి లేసింది రా," అని భుజం పట్టుకున్నాడు. కుడి భుజం. విరిగింది ఎడమది. భూమ్మీద నాకు భయం లేనిది ఒకే ఒక్క చోటు, అది మా నాయిన పక్కన. ఆ చోటు కూడా కదిలింది. ఎవరికీ చెప్పలేదు. నోరు మూసుకుని ఉండటం నాకు జన్మలో అదే మొదటిసారి.

ఆ రోజుల్లోనే నేను కంప్యూటర్‌ నేర్చుకుంటున్నాను. దేశంలో తలుపులన్నీ తెరిచేశారని పేపర్లు రాస్తున్న కాలం. మెదక్‌లో తెరుచుకున్నవి రెండు: ఒకటి ఎస్‌టీడీ బూత్‌, రెండోది సలీం సార్‌ కంప్యూటర్‌ సెంటర్‌. బస్టాండు వెనకాల మేడ మీద ఒక అర్ర, అందులో మూడు కంప్యూటర్లు, మెదక్‌ మొత్తానికి ఎండాకాలం లేని ఒకే ఒక్క గది. చెప్పులు బయట విడిచి, కాళ్లు తుడుచుకుని, లోపల గుసగుసగా మాట్లాడాలి. కాళ్లకు మట్టి ఉంటే కంప్యూటర్‌కు వైరస్‌ పడుతుందని మేమంతా గట్టిగా నమ్మాం. ఒకడు జలుబుతో వచ్చి దాని ఎదుట తుమ్మితే, పాపం వారం రోజులు ఆ పిల్లగాడు అపరాధిలా తిరిగాడు. సలీం సార్‌ సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, గొంతు పెంచడు. పాఠం అయ్యాక అరగంట ఆట ఆడుకోనిచ్చేవాడు. హైదరాబాద్‌ నుంచి ఎవరో ఇచ్చిన ఒక ఫ్లాపీలో ఉండేది ఆ ఆట. దానికి పేరు లేదు, మేము పాతాళం అనేవాళ్లం. బొమ్మలు లేవు. నల్లటి తెర మీద గీతలతో గదులు, చుక్కలతో నేల, మనం ఒక చిన్న గుర్తు. ఇంగ్లీషు అక్షరాలే రాక్షసులు. బడిలో ఏబీసీడీలు చూసి భయపడ్డవాణ్ణి, ఇక్కడ అవే నిజంగా నా మీదికి నడిచొచ్చాయి. ఇప్పటికీ ఎక్కడైనా పెద్ద అక్షరం T ఒంటరిగా కనబడితే నా కాలు వెనక్కి పడుతుంది.

ఆ ఆటలో చస్తే చచ్చినట్టే. ఎక్కడిదాకా పోయినా, ఎంత సంపాదించినా, మళ్లీ మొదటి గది. ఆ గది కూడా పాతది కాదు, పాతాళమంతా కొత్తగా తవ్వుకుని కూర్చునేది. ఒక్క దయ మాత్రం ఉండేది: చచ్చినోడి చేతిలో ఉన్న వస్తువుల్లో ఏదో ఒకటి, తర్వాత వచ్చేవాడికి మొదటి గదిలో దొరికేది. నా దగ్గరున్న కత్తే దొరుకుతుందో, సగం తిన్న రొట్టే దొరుకుతుందో తెలియదు. దానికి సలీం సార్‌ తన సొంత రూలు ఒకటి కలిపాడు. కంప్యూటర్‌ పక్కన దారం కట్టి వేలాడదీసిన ఒక కాపీ. రెండు వందల పేజీల నోటుపుస్తకం. చచ్చినవాడు, ఎట్లా చచ్చాడో అందులో రాసి, పేరు పెట్టాలి. రాయకుండా మళ్లీ కూర్చోవడానికి లేదు. రాసినవాడు మళ్లీ కూర్చోకుండా ఇంటికి పోవడానికీ లేదు, కనీసం ఒక్కసారైనా మొదటి గదిలో అడుగుపెట్టి పోవాలి. "కొత్త చావు చావు బేటా, మస్తు ఖుషీ," అనేవాడు. "పాత చావు మాత్రం చావొద్దు." పాత చావు చచ్చినవాడు చీపురు పట్టి ఆ గదంతా ఊడవాలి. మొదటి నెల గదంతా నేనే ఊడ్చాను. ఆ కాపీలో నా రాతలు చదివితే ఒక పిరికివాడి ఆత్మకథ: 'దర్వాజ వెనక ఏముందో చూడకుండ తెరిచిన.' 'భయమై ఉరికిన, ఉరికిన దిక్కే ఇంకోటుంది.' 'దెబ్బ తగిలింది గాని మందు రేపటికని దాచిపెట్టిన. రేపు రాలే.'

అప్పట్లో మా అమ్మ అడిగేది, ఊకె సచ్చే ఆట ఏం ఆటరా అని. నాకు అప్పుడు జవాబు తెలియదు. ఇప్పుడు కొంచెం తెలుసనుకుంటాను. గెలుపు కోసమైతే ఎవడూ రెండోరోజు ఆడడు. ఆ మూడు కంప్యూటర్ల మీద ఎవరూ పాతాళం అడుగుదాకా చేరడం నేను చూడలేదు. భయం నిజంగా ఉండటమే అందులో రుచి. పోతే నిజంగానే పోతుంది కనుక, ప్రతి తలుపు దగ్గర గుండె దడదడా కొట్టుకుంటుంది. గది ప్రతిసారీ కొత్తది కనుక బట్టీపట్టి తప్పించుకునే దారి లేదు. కానీ నలభైసార్లు చచ్చాక ఒకరోజు, తలుపు ముందు మన వేలు మనం చెప్పకుండానే ఆగుతుంది. భయం తగ్గదు. చెయ్యి నేర్చుకుంటుంది. ఆటలో మిగిలేది కత్తి కాదు, రొట్టె కాదు, ఆ ఆగిన వేలు. అది తెలిసిన రోజు నేను ఇంటికి గాల్లో నడుచుకుంటూ పోయాను. దారిలో కుక్క మొరిగితే నేల మీదికి దిగాను, అది వేరే సంగతి.

నేను పొద్దుగూకినా ఇంటికి రావట్లేదని ఒక సాయంత్రం అమ్మ నాయినను పంపింది. ఆయన చెప్పులు విడిచి, కాళ్లు మూడుసార్లు తుడుచుకుని, లోపలికి వచ్చి నా వెనక నిలబడ్డాడు. నేను చూడలేదు. అప్పుడే T వచ్చి నన్ను చంపింది. "ఏమైంది రా?" అని వెనక నుంచి గొంతు. నేను కుర్చీలోంచి ఎగిరి పడ్డాను. "సచ్చిన నాయినా," అన్నాను. "మరి గదేంది రాస్తున్నవ్‌?" సలీం సార్‌ లేచి వచ్చాడు.

"రాండ్రి యాదగిరన్నా. సచ్చినోడు ఎట్ల సచ్చిండో రాస్తడు. రాసినంక మళ్ల కూసుంటడు. గంతే."

"మళ్ల కూసుంటె మళ్ల సావడా?"

"సస్తడు. వేరే తీరుగ సస్తడు."

నాయిన తెర వైపు వంగి చూశాడు. "నేను కూసుంటె ఏమన్న అంటదా గది?" అన్నాడు. సలీం సార్‌ కుర్చీ లాగి వేశాడు.

లారీ డ్రైవర్లను మీరు చూశారు గదా, స్టీరింగ్‌ ముందు కూర్చుంటే దేశం వాళ్లదే. మా నాయిన కీబోర్డు ముందు కొత్త పెండ్లికొడుకులా కూర్చున్నాడు. ఒకే ఒక్క వేలు, అది కూడా మీటను నొక్కడం కాదు, బతిమాలడం. మొదటి గదిలో అడుగు తీసి అడుగు వెయ్యడానికి ఆయనకు పట్టిన టైములో నేను చార్మినార్‌ కట్టేవాణ్ణి. B వచ్చి కొట్టింది. పోయాడు. కాపీ తీసుకుని, బడి మానేశాక మళ్లీ ఎప్పుడూ పట్టని పెన్ను పట్టి, నాలుక కొస బయటపెట్టి, 'బి కొట్టింది. యాదగిరి' అని రాశాడు. మళ్లీ కూర్చున్నాడు. ఆ తర్వాత నెల రోజులు, దినాం సాయంత్రం వచ్చాడు. భుజం కాపడం అయిపోగానే, వావిలాకు వాసనతో సహా. ఆ గదిలో ఏసీ గాలి కూడా మందు వాసన కొట్టేది. ఆయన ఆట ఎవ్వరూ ఆడని తీరు. ఏ తలుపూ తెరిచేవాడు కాదు. గది మధ్యలో నిలబడి, వచ్చిందాన్ని రానిచ్చేవాడు. "తెరవండ్రి అన్నా," అనేవాడు సలీం సార్‌. "ఏముంటదో," అనేవాడు నాయిన. తిండి అయిపోయి, మూసిన తలుపుల మధ్య ఆకలితో చచ్చేవాడు. ఆ పాతాళంలో ఆకలి చావు చచ్చింది మెదక్‌ చరిత్రలో ఆయన ఒక్కడే, అదీ వరుసగా పదకొండుసార్లు. పాత చావే. రూలు రూలే కనుక, పుణ్యాత్ముడు యాదగిరి చీపురు పట్టి గదంతా ఊడ్చాడు. అందరం నవ్వాం. నేను మిగతా వాళ్లకంటే కొంచెం ఎక్కువే నవ్వాను.

దసరాకు పది రోజులుందనగా, ఒక మధ్యాహ్నం నేను కంప్యూటర్‌ ఖాళీ కోసం ఎదురుచూస్తూ ఆ కాపీ తిరగేస్తున్నాను, నవ్వుకోవడానికి నాయిన రాతలు వెతుక్కుంటూ. 'ఆకలి. యాదగిరి.' 'ఆకలి. యాదగిరి.' 'ఆకలి. యాదగిరి.' ఆ కిందది పొడుగ్గా ఉంది. వంకర అక్షరాలు, గీత దాటి పోయినవి.

'బర్రె రాలే. మలుపు కాడ మబ్బు దిగి ఉండె. తెల్లగ ఏందో నిలబడ్డట్టు అనిపిచ్చింది. గట్టిగ బ్రేకు తొక్కిన. రోడ్డు తడి ఉండె. లోడు ఉండె. తొక్కకపోతే ఏం కాకపోవు. ఏం లేకుండె. భుజం మంచిగైంది. యాదగిరి.'

ఆ ఏసీ గదిలో నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. నేను పెంచిన బర్రె, చూలు చేసిన బర్రె, కన్నీళ్లు పెట్టించిన బర్రె, దాని మీద కూర్చోబెట్టి నేనే ఊరేగించిన మా నాయిన. ఏమీ లేనిదానికి భయపడ్డానని ఒక డ్రైవరు ఎవరికి చెప్పుకుంటాడు? పసిపిల్లలు దడుసుకుంటే దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టిస్తారు. మీసాలున్న మనిషి దడుసుకుంటే కట్టే చోటేది? చెబుదామన్నా, కుండెడు పాలు తాగాక ఏ నోటితో చెబుతాడు? తల ఎత్తితే సలీం సార్‌ నా వైపే చూస్తున్నాడు. ఆయన ఎప్పుడో చదివాడని అర్థమైంది. "చింపెయ్యకు," అన్నాడు నెమ్మదిగా. "రాసిండు గదా. రాసినోడు మళ్ల కూసోవాలె."

అమ్మకు చెప్పకుండా ఉండలేకపోయాను. నూనె కాస్తోంది. చెప్పేసి, ఇంక నూనె ఎందుకమ్మా, భుజానికేం లేదట, అన్నాను. ఎల్లిపాయలు నల్లబడేదాకా గరిటె తిప్పుతూనే ఉంది.

"నాకు తెల్వదారా?" అంది. "పండుకున్నోని భుజం ఏడదాక లేస్తదో పెండ్లానికి తెల్వదా?"

"మరి దినాం ఎందుకు రాస్తున్నవ్‌?"

"భయం యాడుంటదో నాకెట్ల ఎరుక? భుజం చూపిచ్చిండు. భుజానికి రాస్తున్న."

దసరా నాడు మిల్లులో లారీకి బంతిపూల దండ, అద్దానికి పసుపు బొట్లు, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. సేటు ఒక పక్క, కొత్త డ్రైవరుగా వచ్చిన కుర్రాడు ఒక పక్క, కొబ్బరికాయ చేతిలో పట్టుకుని అమ్మ. నాయిన ఎక్కాడు. బండి స్టార్ట్‌ చేశాడు. నిమ్మకాయల మీదుగా పోవలసింది రెండడుగులు. మెదక్‌ నుంచి ఢిల్లీ పోయి వచ్చేంతసేపు ఇంజను ఉట్టిగా మొత్తుకుంది. సేటు వాచీ చూసుకున్నాడు. నేను గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాను. అప్పుడు నిమ్మకాయ చిట్లిన చప్పుడు వినబడింది. నాలుగూ చిట్లాయి. సేటు కొత్త కుర్రాడితో, "నువ్‌ పోయి ప్రసాదం తిను," అన్నాడు.

ఇప్పుడు ఆ దారి వెడల్పయింది. మొన్న కారులో వస్తుంటే మలుపు ఎక్కడొచ్చిందో కూడా తెలియలేదు, నడుము సాపు చేసి మధ్యలో చెట్లు నాటారు. మధ్యలో ఎన్ని బందులు, ఎన్ని రాస్తారోకోలు, ఎన్నిసార్లు ఆ రోడ్డు మీద టైర్లు కాలాయి. రాష్ట్రం వచ్చింది, పెద్ద జిల్లా చిన్న జిల్లాలయింది, బోర్డుల మీద పేర్లు మారాయి. సలీం సార్‌ సెంటర్‌ ఉన్న మేడలో ఇప్పుడు సెల్‌ఫోన్ల రిపేరు. సింధు ఆటలో ఎట్లా చచ్చావో ఎవరూ రాయక్కర్లేదు, కంప్యూటరే లెక్కగట్టి, పట్టిక గీసి, ఎక్కడ తప్పు చేశావో రంగుల్లో చూపిస్తుంది. ఆ పిల్లకు చావంటే భయం లేదు, నాకు అది చూసి సంతోషంగానూ ఉంది, కొంచెం దిగులుగానూ ఉంది. పరీక్షలో ఒక సబ్జెక్టు పోయిందని అదే పిల్ల మొన్న మూడు రోజులు అన్నం తినలేదట. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పేవాళ్లు ఇప్పుడు వెయ్యిమంది ఉన్నారు. రాసిపెట్టి మళ్లీ కూర్చోమని కుర్చీ లాగి వేసే సలీం సార్లే కరువయ్యారు.

ఆ దసరా తెల్లారి నాయిన మొదటి ట్రిప్పు. "శీనుగాన్ని తోడు తోల్కపో," అంది అమ్మ, నన్ను చూపిస్తూ. తోడుగా వెళ్లవలసింది ఒక ధైర్యవంతుడు, కానీ మా ఇంట్లో స్టాకు లేదు. క్యాబిన్‌లో నేను సీటు కింది కడ్డీని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, అది ఇప్పటికీ నా గుప్పిట ఆకారంలోనే వంగి ఉంటుంది. అడవి మొదలైంది. తెల్లగా వెలుతురు వస్తోంది, చెట్ల నడుమ మంచు పలచగా ఉంది. మలుపు ఇంకా దూరం ఉందనగా బండి పక్కకు ఆపాడు. దిగాడు. నన్ను ఒక్కణ్ణి వదిలి, రోడ్డు పట్టుకుని నడుచుకుంటూ మలుపులోకి పోయాడు. కనబడకుండా పోయాడు. వెనక బస్సులు హారన్లు కొట్టుకుంటూ తిట్టుకుంటూ దాటిపోతున్నాయి. బండికి డ్రైవరు లేడు, అడవికి మనిషి లేడు, నాకు పానం లేదు. ఎంతసేపో తెలియదు. తర్వాత తిరిగొస్తూ కనిపించాడు, నేల చూసుకుంటూ, అడుగులో అడుగు వేస్తూ. ఎక్కి కూర్చున్నాడు.

"ఏముంది నాయినా?"

"ఏం లేదు. పోయి సూసిన."

నడిచే మనిషి కంటే నెమ్మదిగా బండి కదిలింది. మలుపు తిరుగుతున్నంతసేపు ఆయన కుడి పాదం బ్రేకు మీద తేలుతూనే ఉంది. మంచులో ఒకచోట తెల్లగా ఏదో నిలబడ్డట్టు నాకూ కనబడింది. పాదం కిందికి పోలేదు. తెల్లటిది అద్దం మీదికి వచ్చి, విడిపోయి, రెండు పక్కల నుంచి వెనక్కి పోయింది.

అడవి దాటాక చాయ్‌ కోసం ఆపాడు. గ్లాసు పట్టుకుంటే సగం చాయ్‌ సాసర్‌లోకే ఒలికింది. ఇంక ఏం లేదు గదా నాయినా, అయిపోయింది గదా, అన్నాను, నాకు ఏడుపు వస్తోంది.

"యాడ అయిపోయింది బిడ్డా," అన్నాడు సాసర్‌లో చాయ్‌ ఊదుకుంటూ. "వచ్చేటప్పుడు గిదే మలుపు ఉల్టా తిరుగుతది. లోడు ఉండదు, బండి తేలిగ్గుంటది. గట్ల ఎన్నడు పడలే నేను."

"మరెట్ల?"

"ఎట్లేంది. గాడ మళ్ల దిగి సూస్త," అని సాసర్‌ వంచి తాగి, బండి వైపు నడిచాడు.